మోడల్ మీద ఆయిల్ రంగులు త్వరగా ఆరాలంటే

టామియా కంపెనీ వాళ్ల 1/35 స్కేలు (అసలు దానిలో ముప్పై అయిదో వంతు) టీ-55ఏ ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ ఒకటి నా షెల్ఫులో ఉంది. 1971 యుద్ధంలో మన సైన్యం వాడిన టీ-55 కుటుంబంలోది. దాని టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) మీద ఎడమవైపున నా బొటనవేలి ముద్ర ఉంటుంది, గీతలతో సహా. ఆయిల్ రంగు వేసి అయిదు రోజులైంది, ఆరే ఉంటుందిలే అని పట్టుకున్నాను. ఆరలేదు. చెరపబోతే కింది రంగు కూడా లేచేలా ఉందని అలాగే వదిలేశాను.

మోడల్స్ చేసేవాళ్లు ఆయిల్ రంగుల్ని ఇష్టపడేది అవి నెమ్మదిగా ఆరతాయనే. గంటసేపు కలపొచ్చు, తుడవొచ్చు, నచ్చకపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆక్రిలిక్ అంత టైమివ్వదు. కానీ పని అయిపోయాక ఆ నెమ్మదే ప్రాణం తీస్తుంది. మనకు కావలసింది పనిచేసేటప్పుడు తడిగా ఉండి, చేయి తీశాక త్వరగా ఆరే రంగు. అది కుదురుతుంది. అయితే ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది: రంగు వేసేశాక, ఆరడం లేదని టెన్షన్ పడి, అప్పుడు హెయిర్ డ్రయర్ తీస్తారు. త్వరగా ఆరడానికి చేయాల్సిన పనిలో ముప్పావు వంతు బ్రష్ మోడల్‌ను తాకకముందే చేసుకోవాలి. వేడి చివరి మెట్టు.

ప్లాస్టిక్ కిట్, దాని మీద పూర్తిగా ఆరిన ఆక్రిలిక్ లేదా లాకర్ బేస్ కోటు (కింది రంగు పొర), పైన బొమ్మలు వేసేవాళ్లు వాడే ట్యూబ్ ఆయిల్ రంగులు. కింద చెప్పేదంతా ఈ లెక్కలోనే. బేస్ కోటు ఎనామిల్ అయితే ఒక క్లియర్ కోటు (రంగులేని వార్నిష్ పొర) వేసుకుని ముందుకెళ్లండి, లేకపోతే టర్పెంటైన్ దాన్ని కరిగిస్తుంది.

అసలు ఆరడం అంటే ఏమిటి

నీళ్ల రంగు ఆరడమంటే నీళ్లు ఆవిరైపోవడం. ఆయిల్ రంగులో ఆవిరయ్యేది ఏమీ లేదు. అందులో ఉన్నది రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే అవిసె గింజల నూనె. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానికొకటి ముడిపడి, గట్టి పొరగా మారుతుంది. మొదటి రోజుల్లో పొర బరువు తగ్గదు, కొంచెం పెరుగుతుంది కూడా.

ఇది మన వంటింట్లో రోజూ జరిగేదే. నూనె డబ్బా మూత చుట్టూ పేరుకున్న బంకను చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద గోకినా రాని పసుపు జిగట కూడా అదే. ఇనుప పెనానికి నూనె రాసి కాల్చి నలుపు ఎక్కించడం, దోసె అంటుకోకుండా, అది కూడా ఇదే రసాయన చర్యను వేడితో తొందరపెట్టడం. అన్ని నూనెలూ ఇలా ఆరవు. కొబ్బరి నూనె ఎన్నేళ్లున్నా నూనెగానే ఉంటుంది. అవిసె నూనె త్వరగా ఆరుతుంది. వాల్‌నట్, గసగసాల, కుసుమ నూనెలు కూడా ఆరతాయి గానీ ఇంకా నెమ్మదిగా.

ఇది తెలిస్తే ఏం చేయాలో దానంతటదే తేలిపోతుంది. నూనె తక్కువగా ఉండాలి, పొర పలుచగా ఉండాలి, గాలి తగలాలి, వెలుతురు ఉండాలి, కాస్త వెచ్చగా ఉండాలి. ఆ చర్యను తొందరపెట్టే లోహం రంగులోనే ఉంటే ఇంకా మంచిది. మూత బిగించిన డబ్బాలో మోడల్‌ను దాచి "ఇంకా ఆరలేదేంటి" అనుకునేవాళ్లు, గాలి లేకుండా నూనె ఆరదన్న సంగతి మర్చిపోతారు.

మెట్టు 1: త్వరగా ఆరే రంగుల్ని ఎంచుకోండి

అన్ని ట్యూబులూ ఒకే వేగంతో ఆరవు. తేడా చిన్నది కాదు, ఒకటి మర్నాటికి ఆరితే ఇంకొకటి వారం తీసుకుంటుంది.

అందరికన్నా ముందు ఆరేవి మట్టి రంగులు, ముఖ్యంగా అంబర్లు. రా అంబర్‌లో, బర్న్ట్ అంబర్‌లో సహజంగానే మాంగనీస్ ఉంటుంది. అదే నూనెను తొందరపెడుతుంది. బర్న్ట్ సియెన్నా కూడా బాగానే ఆరుతుంది. ప్రష్యన్ బ్లూ, కోబాల్ట్ బ్లూ చురుకైనవే. మన అదృష్టం ఏమిటంటే ట్యాంకుల తుప్పు, బురద, మసి, ప్యానెల్ గీతలు (పలకలు కలిసే చోటి సన్నటి గాళ్లు), వీటన్నిటికీ కావలసింది ఈ గోధుమ రంగులే.

ఇబ్బంది పెట్టేవి ఐవరీ బ్లాక్, ల్యాంప్ బ్లాక్, కాడ్మియం ఎరుపు, పసుపు, అలిజరిన్ క్రిమ్సన్, జింక్ వైట్. టైటానియం వైట్ కూడా బద్ధకస్తురాలే. దానికి ఇంకో కారణం ఉంది. అవిసె నూనె కాలక్రమేణా పసుపెక్కుతుంది కాబట్టి చాలా కంపెనీలు తెల్ల రంగును కుసుమ నూనెతోనో గసగసాల నూనెతోనో కలుపుతాయి. తాండూరు వైపు పొలాల్లో పండే ఆ కుసుమ పంట నూనే. తెలుపు తెల్లగా ఉంటుంది, ఆరడం మాత్రం రెండింతలు ఆలస్యం.

అందుకే నేను నలుపు ట్యూబు మూత దాదాపు తీయను. బర్న్ట్ అంబర్‌లో కొంచెం ప్రష్యన్ బ్లూ కలపండి, నల్లటి వాష్ (గీతల్లోకి పారేలా టర్పెంటైన్‌తో బాగా పలుచన చేసిన రంగు) వస్తుంది, పైగా ఉత్త నలుపు కంటే సహజంగా కనిపిస్తుంది. రెండూ త్వరగా ఆరేవే. ప్రష్యన్ బ్లూ మహా బలమైన రంగు, టూత్‌పిక్ మొనంత చాలు.

ట్యూబు వెనక ఉండే చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. అంబర్ ట్యూబు మీద పీబీఆర్ 7 అని కోడ్ ఉంటే అది నిజమైన మట్టి రంగు. చవక రకాల్లో అదే పేరుతో వేరే ఎరుపు, నలుపు పొడులు కలిపి అంబర్ ఛాయ తెస్తారు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, మాంగనీస్ ఉండదు, కాబట్టి వేగమూ ఉండదు. ఏ నూనెలో కలిపారో కూడా కొన్ని ట్యూబుల మీద రాసి ఉంటుంది.

మోడల్స్ కోసమే చేసిన ఆయిల్స్ కూడా ఉన్నాయి, అబ్టైలుంగ్ 502 లాంటివి. మ్యాట్‌గా, అంటే మెరుపు లేకుండా, కాస్త త్వరగా ఆరతాయి. దొరికితే వాడండి. దొరక్కపోతే బాధపడక్కర్లేదు. మన ఊళ్లో స్టేషనరీ షాపులో దొరికే క్యామెల్ ట్యూబుతో, తర్వాతి మెట్టు సరిగ్గా చేస్తే, అదే పని అవుతుంది.

మెట్టు 2: అట్ట మీద నూనె పీల్చండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఖర్చు లేదు, ప్రమాదం లేదు, తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె తీసుకోండి. బొమ్మలు, మెరుపు ఉన్న వైపు కాదు, గరుకుగా గోధుమ రంగులో ఉన్న వైపు కావాలి. దాని మీద రంగుల్ని బఠాణీ గింజంత చొప్పున, ఒకదానికొకటి రెండు అంగుళాల దూరంలో పెట్టండి. కుప్పగా వదిలేయకుండా టూత్‌పిక్‌తో రూపాయి బిళ్లంత పలుచగా పరవండి. అలా పరిస్తే అట్టకు ఎక్కువ భాగం తగులుతుంది.

పది నిమిషాల్లో రంగు చుట్టూ నూనె మరక మొదలవుతుంది, మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం మీద వచ్చినట్టు. ఆ మరకే మీరు మిగుల్చుకున్న రోజులు. గంట తర్వాత మరక రంగు బిళ్ల కన్నా రెండింతలు వెడల్పు ఉంటుంది. నూనె ఎక్కువ ఉన్న చవక రంగులైతే చోటు మార్చి, కొత్త అట్ట మీద ఇంకో గంట పెట్టండి.

ఎంతసేపు? వాష్‌కైతే గంట చాలు. మచ్చలు పెట్టి లాగే ఫేడింగ్‌కు (ఎండకు, వానకు వెలిసినట్టు రంగు చూపించడం) గంటన్నర నుంచి రెండు గంటలు. బొమ్మ మనుషుల ముఖాలు వేసేటప్పుడు రంగు మెత్తగా కలవాలి కాబట్టి నలభై నిమిషాలకే తీసేస్తాను. రాత్రంతా వదిలేస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను. రంగు సుద్దలా తయారైంది. పొడిని పట్టి ఉంచాల్సింది ఆ నూనే కదా, అది మొత్తం పోతే ఆరాక వేలితో రుద్దితే రంగు పొడిగా రాలిపోతుంది. తీసేటప్పుడు రంగు వెన్నలా కాకుండా గట్టి గోరింటాకు ముద్దలా ఉంటే సరైన దశలో ఉన్నట్టు.

టిష్యూ పేపర్ మాత్రం వాడొద్దు. పోగులు రంగులో కలిసిపోయి, 1/35 ట్యాంకు మీద తాడు ముక్కల్లా కనిపిస్తాయి.

ఇంకో లాభం: నూనె తగ్గిన రంగు ఆరాక మెరవదు. ట్యాంకుకు మెరుపు అక్కర్లేదు కదా.

మెట్టు 3: సరైన టర్పెంటైన్

హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి "థిన్నర్ ఇవ్వండి" అంటే చాలాసార్లు ఎన్‌సీ థిన్నర్ చేతిలో పెడతారు. అది కారు రంగులకు, కర్ర పాలిష్‌కు వాడేది. మోడల్ మీద పడితే రంగుతోపాటు ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తుంది. "ఎనామిల్ రంగులో కలిపే టర్పెంటైన్" అని అడగండి. పెయింటర్లు తార్పిన్ అనేది, డబ్బా మీద మినరల్ టర్పెంటైన్ అని ఉండేది. వాసన పడనివాళ్లు ఆర్ట్ షాపుల్లో వాసన లేని రకం కొనుక్కోవచ్చు, అది ఆవిరవడం కాస్త ఆలస్యం.

కొత్త డబ్బా తెస్తే ఒక పరీక్ష చేయండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి గంట ఆగండి. మరక ఏమీ మిగలకపోతే మంచిది. నూనె మరక మిగిలితే, మీరు అట్ట మీద కష్టపడి తీసిన నూనెను ఆ టర్పెంటైన్ మళ్లీ తెచ్చి కలుపుతుందన్నమాట. కిరోసిన్ పనికిరాదన్నది కూడా ఇందుకే.

ఇంకో జాగ్రత్త. టర్పెంటైన్ పెయింట్ లేని ప్లాస్టిక్ సందుల్లోకి దిగితే, ఒత్తిడిలో ఉన్న జాయింట్లు పెళుసై విరుగుతాయి. ముఖ్యంగా చక్రాల ఇరుసులు, బిగుతుగా లాగి అతికించిన భాగాలు. వాష్ వేసేటప్పుడు అక్కడ వరదలా పోయకండి. బ్రష్‌ను ముందు గుడ్డకు అద్ది, మొన తడితోనే పని చేయండి.

మెట్టు 4: ఆల్కిడ్

ఫేడింగ్‌లో తెలుపు కలపకుండా కుదరదు, తెలుపేమో ఆరదు. దీనికి నేను కనుక్కున్న తేలిక దారి తెల్ల ట్యూబు ఒక్కదాన్నీ ఆల్కిడ్ రకంలో కొనడం. ఆల్కిడ్ అంటే నూనెతో కలిపి తయారుచేసిన రెసిన్. సాల్వెంట్ ఆవిరవడం, ఆక్సిజన్ పీల్చడం రెండూ జరుగుతాయి కాబట్టి పలుచని పొర సుమారు ఒక రోజులో వేలికి అంటకుండా అవుతుంది. విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ల గ్రిఫిన్ రంగులు ఈ కోవలోవి. మామూలు ఆయిల్ రంగుల్లో భేషుగ్గా కలిసిపోతాయి. ఎడారి పసుపు, వెలిసిన ఆకుపచ్చ, దుమ్ము, ఇలా ఏ మిశ్రమం చేసినా అందులో ఎలాగూ తెలుపు ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ట్యూబు అన్నిటినీ లాక్కుపోతుంది.

రెండో దారి లిక్విన్ లాంటి ఆల్కిడ్ మీడియం. బఠాణీ గింజంత రంగుకు అగ్గిపుల్ల తలంత. అంతకన్నా ఎక్కువ పోస్తే రంగు మెరుస్తుంది, జిగటగా లాగుతుంది, కలిపే టైము కూడా తగ్గిపోతుంది. వాష్‌లో ఇది అవసరం లేదు. టర్పెంటైన్‌లో అంత పలుచబడిన రంగుకు ఆరడానికి నూనె ఎంతని ఉంటుంది?

త్వరగా ఆరడానికి రంగులో కలిపే కోబాల్ట్ డ్రయర్ చుక్కల గురించి కూడా వినే ఉంటారు. పనిచేస్తాయి, నిజమే. కానీ కోబాల్ట్ పొరను పైనుంచి ఆరబెడుతుంది. పైన తోలు కట్టి, లోపల తడి మిగిలి, వారం తర్వాత పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. విషపదార్థం కూడా. అవిసె నూనె పోయించుకుని పెద్ద కాన్వాసులు వేసేవాళ్ల సరుకు అది. అరచేతిలో పట్టే ట్యాంకుకు అంత దూరం వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం.

మెట్టు 5: తక్కువ రంగు, పలుచని పొర

ఫేడింగ్ చేసేటప్పుడు మచ్చలు పెడతాం కదా, ఆ మచ్చ ఆవగింజంత ఉండాలి. కొత్తవాళ్లు శనగగింజంత పెడతారు. ఒక ప్యానెల్‌కు మూడు నాలుగు ఆవగింజలు చాలు. తర్వాత టర్పెంటైన్‌లో ముంచి, గుడ్డకు బాగా తుడిచిన చదునైన బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి, వాన నీళ్లు జారిన దిక్కులో. చివర్లో పొడి బ్రష్‌తో, నొక్కకుండా, ఊరికే తడుముతున్నట్టు అంతటా తిప్పండి. బ్రష్ మీదికి ఎక్కిన రంగంతా ఇక ఆరాల్సిన అవసరం లేని రంగే. నేను ప్రతి నాలుగు తడుములకోసారి బ్రష్‌ను గుడ్డకు తుడుస్తాను.

మ్యాట్ బేస్ కోటు మీద ఆయిల్ త్వరగా ఆరుతుంది, నూనెను కొంత అదే పీల్చుకుంటుంది. కానీ మరక కూడా పడుతుంది, తుడిచినా పూర్తిగా రాదు. గ్లాస్ కోటు (మెరిసే క్లియర్ కోటు) మీద తుడవడం సులువు, ఆరడం ఆలస్యం. కాబట్టి ప్యానెల్ గీతల వాష్‌కు గ్లాస్, ఫేడింగ్‌కు శాటిన్ (సగం మెరుపు ఉండే కోటు). రెండూ ఒకే రోజు చేయాలనుకుంటేనే చిక్కు.

వాష్ వేశాక అరగంటలో అది మ్యాట్‌గా మారి ఆరినట్టు కనిపిస్తుంది. మోసపోకండి. పోయింది టర్పెంటైన్ ఒక్కటే, నూనె ఇంకా అక్కడే ఉంది. అప్పుడే దాని మీద రెండో పొర వేస్తే కొత్త టర్పెంటైన్ పాతదాన్ని లేపుకుపోతుంది.

మెట్టు 6: కోడిపిల్లల పెట్టె

కోళ్ల ఫారాల్లో అప్పుడే పుట్టిన పిల్లల్ని బల్బు కింద ఉంచడం చూసే ఉంటారు. మొదటి వారం వాటికి సుమారు 35 డిగ్రీలు ఇస్తారు. మన ట్యాంకుకు కావలసింది దాదాపు అలాంటి ఏర్పాటే, ఇంకాస్త వెచ్చగా: 40 నుంచి 45 డిగ్రీలు.

రసాయన చర్యల్లో ఒక మోటు లెక్క ఉంది, ప్రతి 10 డిగ్రీలకు వేగం సుమారు రెట్టింపవుతుందని. 25 డిగ్రీల గదిలో మూడు రోజులు పట్టేది 45 డిగ్రీల్లో ఒక రోజులోపే అవుతుందని అనుకోవచ్చు. అలాగైతే 80 పెడితే ఇంకా త్వరగా అవుతుంది కదా అనిపిస్తుంది. కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. అది సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గానీ, సన్నటి భాగాలు, బిగుతుగా ఉన్న భాగాలు అంతకు చాలా ముందే వంగిపోతాయి. రెసిన్ భాగాలైతే వేణ్నీళ్లకే మెత్తబడతాయి. ఫిరంగి గొట్టం కిందికి వేలాడే ట్యాంకు ఎవరికి కావాలి? నా లెక్కలో 50 దాటకూడదు.

పెట్టె ఇలా:

1. మోడల్‌కు అన్ని వైపులా కనీసం జానెడు ఖాళీ ఉండే గట్టి చెక్కపెట్టె గానీ రేకు డబ్బా గానీ తీసుకోండి. థర్మాకోల్ వద్దు. కరుగుతుంది, అంటుకుంటుంది.
2. కింద రెండు వైపులా, పైన మూతకు వేలు దూరేంత రంధ్రాలు నాలుగైదు చేయండి. చల్లగాలి కింద నుంచి వచ్చి వేడెక్కి పైనుంచి పోవాలి. నూనెకు ఆక్సిజన్ అందేది ఇలాగే.
3. పాత పసుపు ఫిలమెంట్ బల్బు, 40 వాట్లది, హోల్డర్‌తో ఒక మూలన బిగించండి. ఎల్ఈడీ బల్బుకు అంత వేడి ఉండదు. బల్బుకు, మోడల్‌కు మధ్య అడుగు దూరం ఉండాలి. చెక్కకు గానీ వైరుకు గానీ బల్బు గాజు తగలకూడదు.
4. చేపల తొట్టెలకు అమ్మే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చి, దాని సెన్సర్‌ను మోడల్ పక్కనే, అదే ఎత్తులో పెట్టండి. మూత దగ్గర పెడితే తప్పు లెక్క వస్తుంది.
5. మోడల్ లేకుండా ఖాళీ పెట్టెను రెండు గంటలు వెలిగించి చూడండి. వేడి ఎక్కువైతే మూత కొంచెం తీయండి లేదా బల్బు 25 వాట్లకు మార్చండి. 44 దగ్గర నిలబడితే అక్కడ ఆపండి.

రంగు వేసిన వెంటనే పెట్టెలో పెట్టకండి. ముందు గంటసేపు ఫ్యాన్ గాలి తగలని చోట, కిటికీ తెరిచిన గదిలో ఉంచండి. టర్పెంటైన్ పూర్తిగా పోవాలి. మూసిన పెట్టె, టర్పెంటైన్ ఆవిరి, వేడి బల్బు, ఈ మూడూ ఒకచోట ఉండకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అందరూ నిద్రపోయాక బల్బు వెలిగించి వదలొద్దు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు, మళ్లీ పొద్దున, ఇలా విడతలుగా పెట్టినా సరిపోతుంది.

కూరగాయలు, పండ్లు ఎండబెట్టే ఎలక్ట్రిక్ డీహైడ్రేటర్ ఉంటే ఇంత శ్రమ లేదు, వేడి దానికదే నిలుపుకుంటుంది. తిండికి వాడేది మాత్రం దీనికి వాడకండి. వంటింటి ఓవెన్ జోలికి వెళ్లొద్దు. 50 అని పెట్టినా, వేడెక్కేటప్పుడు రాడ్ దగ్గర అంతకు రెండింతలు ఉంటుంది.

"మే నెలలో మా మేడ మీదే 45 డిగ్రీలు, పెట్టె ఎందుకండీ?" అని అడగొచ్చు. ఎండలో ముదురాకుపచ్చ ట్యాంకు గాలి కన్నా చాలా వేడెక్కుతుంది, అదీ ఒకవైపే. ఆపి ఉన్న కారులో డ్యాష్‌బోర్డు మీద పెట్టడం అంతకన్నా ఘోరం. పైగా దుమ్ము. అయితే వెలుతురు నూనెకు మంచిదే, చీకట్లో ఆరిన అవిసె నూనె ఎక్కువ పసుపెక్కుతుంది. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, పైన గాజు గిన్నె అంగుళం ఎత్తున బోర్లించి పెడితే రెండూ కలిసొస్తాయి. హైదరాబాద్ వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నేను చాలాసార్లు పెట్టె తీయనే తీయను. విశాఖ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లకు, వానాకాలంలో అందరికీ, తేమ వల్ల ఆలస్యమవుతుంది. అక్కడ పెట్టె విలువ తెలుస్తుంది.

హెయిర్ డ్రయర్‌తో టర్పెంటైన్‌ను తరిమేయొచ్చు, నూనెను ఆరబెట్టలేం. ఐదు నిమిషాల వేడి గాలికి రోజుల చర్య పూర్తికాదు. వాష్ చెదిరిపోవడం మాత్రం ఖాయం.

మెట్టు 7: ఆరిందో లేదో చెంచాను అడగండి

మోడల్‌ను ముట్టుకుని చూడటమే నా ట్యాంకు మీద వేలిముద్రకు కారణం. ఇప్పుడు ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ చెంచాకు మోడల్‌తో పాటే ప్రైమర్, బేస్ కోటు, క్లియర్ కోటు అన్నీ వేస్తాను. మోడల్ మీద వేసిన ఆయిల్ రంగునే, అదే మందంలో, చెంచా మీదా వేసి, పక్కనే పెట్టెలో ఉంచుతాను. వేలు పెట్టాల్సింది చెంచా మీద.

మొదట వాసన చూడండి. నూనె వాసన ఉందంటే ఇంకా టైముంది. తర్వాత వేలి వెనక భాగంతో, గోరు పక్కన, మెల్లిగా తాకండి. అంటకపోతే పొడి ఇయర్‌బడ్‌తో ఒక్కసారి రుద్దండి. దూది శుభ్రంగా వస్తే మోడల్ తర్వాతి పనికి సిద్ధం. అన్నిటికన్నా బద్ధకపు రంగు ఏదో, పరీక్ష దాని మీదే చేయాలి. అంబర్ ఆరిందని తెలుపు ఆరినట్టు కాదు.

కాన్వాసు మీద బొమ్మలు వేసేవాళ్లు వార్నిష్‌కు ఆరు నెలలో, సంవత్సరమో ఆగుతారు. మన పొరలు పలుచన కాబట్టి అంత అక్కర్లేదు. చెంచా పరీక్ష పాసయ్యాక ఇంకొక రాత్రి ఆగి క్లియర్ కోటు వేసేయొచ్చు. స్ప్రేతో మొదట మంచు పట్టినట్టు పలుచగా రెండు పొరలు, మధ్యలో పావుగంట విరామం, ఆ తర్వాతే తడిగా. లాకర్ క్లియర్‌ను ఒక్కసారిగా తడిపేస్తే అందులోని సాల్వెంట్ కింది ఆయిల్‌ను లేపుతుంది. తడి ఆరని మందపాటి ఆయిల్ మీద క్లియర్ కోటు వేసి మూసేస్తే రెండు మూడు వారాల తర్వాత ఎండిన చెరువు అడుగులా పగుళ్లు వస్తాయి. ఇది కూడా చేసి చూసిందే, వేరే ట్యాంకు మీద.

ఒక శని, ఆదివారం లెక్క

ఉద్యోగం చేసుకుంటూ మోడల్స్ చేసేవాళ్ల కోసం నేను పాటించే క్రమం ఇది. గ్లాస్ కోటు గురువారమే అయిపోయి ఉండాలి.

శుక్రవారం రాత్రి భోజనానికి ముందు బర్న్ట్ అంబర్, ప్రష్యన్ బ్లూ అట్ట మీద పెడతాను. తిన్నాక ప్యానెల్ గీతలకు, బోల్టుల చుట్టూ వాష్. అరగంట తర్వాత ఎక్కువైంది తుడిచేసి పడుకుంటాను. పెట్టె వెలిగించను.

శనివారం పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం వరకు పెట్టెలో. అంబరే కాబట్టి అప్పటికి చెంచా పాసవుతుంది. వెంటనే పలుచగా శాటిన్ కోటు వేసి వాష్‌కు తాళం వేస్తాను. ఇక ఫేడింగ్ ఎంత రుద్దినా వాష్ కదలదు. సాయంత్రం ఆల్కిడ్ తెలుపు, ఎల్లో ఓకర్, రా అంబర్ అట్ట మీద గంటన్నర. తీరిగ్గా, పాటలు పెట్టుకుని, ఫేడింగ్ పని.

ఆదివారమంతా, ఇంట్లో ఉన్నంతసేపూ, పెట్టెలో. ఈ రోజు మోడల్‌ను ముట్టుకోను. కావాలంటే ట్రాక్‌లు, బొమ్మ మనుషులు, స్టాండు. వినైల్ ట్రాక్‌లు పెట్టెలో పెట్టకండి, మెత్తబడి సాగుతాయి.

సోమవారం ఆఫీసుకు వెళ్లే ముందు చెంచా చూస్తాను. పాసైతే ఆ సాయంత్రం కాదు, మంగళవారం సాయంత్రం మ్యాట్ కోటు. పాసవకపోతే ఆ తెలుపులో కుసుమ నూనె ట్యూబుది ఏదో కలిసిందని అర్థం, ఇంకో సాయంత్రం బల్బు.

ఇక శనివారం రాత్రి బల్ల సర్దేటప్పుడు ఒక పని మర్చిపోకండి. ఆయిల్ రంగు, టర్పెంటైన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తనే అంటుకోగలదు. ఒక్కొక్కటీ విడిగా పరిచి బాల్కనీ తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. నా డబ్బా పెట్టె పక్కనే ఉంటుంది, ఆ నూనె పీల్చిన అట్ట ముక్క కూడా చివరికి అందులోకే.